ఎల్‌ఎస్‌డీ పేరు ముందు ఒక అంకె, ఒక అక్షరం చేరిస్తే లీగల్ అయిపోతుందా?

హన్మకొండ_అక్క
మా తమ్ముడు జర్మనీలో ఎంఎస్ చేస్తున్నాడు. నిన్న వీడియో కాల్‌లో టేబుల్ మీద ఒక చిన్న కవరు కనబడితే ఏంట్రా అది అని అడిగాను. చిటికెనవేలి గోరంత కాగితం ముక్కలు, వాటి మీద రంగు బొమ్మలు. దాచకుండానే చెప్పాడు. లేని దృశ్యాలు చూపించే ఎల్‌ఎస్‌డీ మత్తుమందు లాంటిదేనట కానీ ఎల్‌ఎస్‌డీ కాదట. పేరు ముందు ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయట. ఆన్‌లైన్ షాపువాళ్లు బిల్లుతో సహా పంపిస్తారట. "ఇక్కడ లీగల్ అక్కా, టెన్షన్ పడకు" అన్నాడు. డిసెంబర్‌లో ఇంటికి వస్తున్నాడు, ఫ్రెండ్స్‌కి కొన్ని తెస్తానని నవ్వుతూ అనేసరికి నాకు నిద్ర పట్టలేదు. నేను బీకాం చదివాను. కెమిస్ట్రీ రాదు, చట్టం అసలే తెలియదు. వాడు చెప్పేది నిజమేనా? ఇంట్లో ఇంకా చెప్పలేదు. నన్నూ వాడినీ తిట్టకుండా విషయం చెప్పండి.

గోదారిగట్టు
బిల్లు ఉంటే లీగలైతే మా ఊరి బెల్టుషాపువాడు కూడా రేపట్నుంచి చీటీ రాసిస్తాడు.

మాగ్డెబర్గ్_మామ
ఇక్కడే ఉంటున్నాను కాబట్టి చెప్తున్నా. మీ తమ్ముడిది పూర్తి అబద్ధం కాదు, పూర్తి నిజం అంతకన్నా కాదు.

అసలు ఎల్‌ఎస్‌డీ ఇక్కడి మత్తుమందుల చట్టంలో మొదటి అనుబంధంలోనే ఉంది. అందులో అనుమానం లేదు. గొడవంతా దాన్ని కొంచెం మార్చి పుట్టించిన పిల్లల గురించి. 2016 నవంబర్‌లో కొత్త మత్తు పదార్థాల కోసం విడిగా ఒక చట్టం తెచ్చారు, ఎన్‌పీఎస్‌జీ అంటారు. ఒక్కో పేరూ రాసుకుంటూ కూర్చోకుండా రసాయన కుటుంబాన్నే నిర్వచించి మొత్తంగా నిషేధించడం దాని పద్ధతి. 2019లో ఎల్‌ఎస్‌డీ కుటుంబాన్నీ అందులో చేర్చారు, 1పీ-ఎల్‌ఎస్‌డీ అమ్మకం ఆగింది. ఆగిందా అంటే, షాపులు వెంటనే 1సీపీ పెట్టాయి. 2021లో అదీ నిర్వచనంలోకి వచ్చింది. తర్వాత 1వీ, అది 2022లో పోయింది. ఆ తర్వాత 1డీ. సర్కారు నిర్వచనం మార్చేలోపు ఇంకో అక్షరం సిద్ధంగా ఉంటుంది. కాబట్టి మీవాడి కవరు మీద ఉన్న అక్షరం ఏదో, అది ఈ రోజు ఏ స్థితిలో ఉందో చూడకుండా "లీగల్" అనడానికి లేదు.

ఇంకొకటి. ఈ చట్టం కింద అమ్మడం, తయారు చేయడం నేరం. కొనడం, దగ్గర పెట్టుకోవడం కూడా నిషేధమే, కాకపోతే దానికి జైలు శిక్ష పెట్టలేదు. దొరికితే లాక్కుంటారు. మన పిల్లలు "జైలు లేదు" అన్నదాన్ని "లీగల్" అని చెప్పుకుంటారు.

కరీంనగర్_కుర్రోడు
నేను చదివేటప్పుడు 1వీ టైము నడుస్తుండె. హాస్టల్ కిచెన్‌లో అందరూ లాయర్లే. మంగళవారం దాకా లీగల్, బుధవారం నుంచి కాదు అని క్యాలెండర్ చూసుకునేటోళ్లు.

సెరటోనిన్_సుబ్బడు
చట్టం సంగతి తెలిసినవాళ్లు చెప్తారు, నేను మందు సంగతి చెప్తాను. ఫార్మకాలజీ చదివాను, ఇప్పుడు దాంతోనే తిండి తింటున్నాను.

ఎల్‌ఎస్‌డీ అణువులో ఇండోల్ అనే భాగం ఉంటుంది. దాని నైట్రోజన్‌కి 1వ స్థానం అని నంబరు. అక్కడ ప్రొపియోనిల్ అనే చిన్న పరమాణువుల గుంపు తగిలిస్తే 1పీ. ఆ చోటనే వేరే గుంపు తగిలిస్తే 1వీ, ఇంకోటైతే 1డీ. మిగతా అణువు ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఇప్పుడు ఒంట్లోకి వెళ్తే ఏమవుతుంది? 2016లో 1పీని మనిషి సీరంలో కలిపి చూస్తే ఆ గుంపు ఊడిపోయి ఎల్‌ఎస్‌డీ బయటపడింది. చిట్టెలుకల్లో ఇలాంటి మందుల బలాన్ని అవి తల విదిలించే లెక్కతో కొలుస్తారు, అందులో 1పీ బలం ఎల్‌ఎస్‌డీలో 38 శాతమే వచ్చింది. దాన్ని పట్టుకుని "తక్కువ బలం, సేఫ్" అని ప్రచారం చేశారు. కానీ 2020లో వచ్చిన పరిశోధన చూడండి. 1పీ మింగిన మనిషి రక్తంలో, మూత్రంలో వెతికితే 1పీ ఆనవాలే లేదు, దొరికింది ఎల్‌ఎస్‌డీ. దీన్నే ప్రోడ్రగ్ అంటారు. హెల్మెట్ పెట్టుకుని వచ్చినంత మాత్రాన మనిషి మారడు కదా, లోపలికి రాగానే తీసేస్తాడు.

అంటే అక్కా, మీవాడు "ఎల్‌ఎస్‌డీ కాదు" అన్నది కవరులో ఉన్నంతసేపే. మింగాక ఎల్‌ఎస్‌డీయే.

సైకిల్‌డే_1943
సుబ్బడు చెప్పింది ఒప్పుకుంటా. కానీ అంతా ఎల్‌ఎస్‌డీ అనగానే విషం అన్నట్టు మాట్లాడుతున్నారు. స్విస్ కెమిస్ట్ హాఫ్‌మన్ దాన్ని 1938లో బాసెల్‌లో సాండోజ్ కంపెనీలో తయారు చేశాడు, 1943 ఏప్రిల్ 19న 250 మైక్రోగ్రాములు తానే మింగి సైకిల్ మీద ఇంటికెళ్లాడు. 102 ఏళ్లు బతికాడు. సాండోజ్ దాన్ని డెలిసిడ్ పేరుతో 1947 నుంచి డాక్టర్లకు ఇచ్చింది. 1970ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎనిమిదిమంది కొకైన్ అనుకుని ఎల్‌ఎస్‌డీ పొడి పీల్చేశారు, కొందరు కోమా దాకా వెళ్లారు, అయినా అందరూ బతికారు. మందు తాగి మన రెండు రాష్ట్రాల్లో ఏటా ఎంతమంది పోతున్నారో లెక్కపెట్టండి ముందు. అలవాటుగా మారే గుణం కూడా దీనికి లేదు. వరసగా రెండో రోజు తీసుకుంటే ప్రభావం బాగా తగ్గిపోతుంది.

నైట్‌డ్యూటీ_సైకియాట్రీ
@సైకిల్‌డే_1943 నువ్వు చెప్పినవన్నీ నిజాలే. వదిలేసినవి నేను చెప్తాను.

హాఫ్‌మన్ మింగింది తను తయారుచేసి, తను తూచిన శుద్ధమైన మందు. అంత తూచినా సైకిలెక్కేసరికి చచ్చిపోతున్నానని భయపడ్డాడు. ఇక్కడ కాగితం ముక్క మీద ఏముందో అమ్మినవాడికే తెలియదు. జపాన్‌లో 1డీ-ఎల్‌ఎస్‌డీ అని లేబుల్ ఉన్న కాగితాన్ని పరీక్షిస్తే లోపల ఉన్నది 1టీ అని 2023లో బయటపెట్టారు. అది ఆ కుటుంబంలోదే కాబట్టి సరిపోయింది. ఎల్‌ఎస్‌డీ పేరుతో ఎన్‌బోమ్ అనే వేరే మందు అంటించి అమ్మిన కాలం ఉంది. 25ఐ-ఎన్‌బోమ్ అది, బెర్లిన్‌లో 2003లో ఒక పరిశోధకుడు తన థీసిస్ కోసం చేసిన పదార్థం. అదీ ఒక మిల్లీగ్రాము కంటే తక్కువలోనే పని చేస్తుంది కాబట్టి కాగితం మీద పడుతుంది. ఫిట్స్, విపరీతమైన జ్వరం, మరణాలు. 2015లో ఐక్యరాజ్యసమితి నిషేధ జాబితాలోకి ఎక్కింది. శాన్‌ఫ్రాన్సిస్కో కథ దానికి పనిచేయదు.

ఇక అసలు ఎల్‌ఎస్‌డీ సంగతి. అవయవాలు పాడు చేయదు, ఒప్పుకుంటాను. నేను చూసే కేసులు వేరు. ఒకబ్బాయిని ఇద్దరు ఫ్రెండ్స్ పట్టుకొచ్చారు. కనుపాపలు పళ్లేలంత, బీపీ పెరిగింది, ఏసీ శబ్దంలో తన పేరు వినిపిస్తోందని ఏడుస్తున్నాడు. మసక వెలుతురు గది, పక్కన ఒక మనిషి, కొంచెం లోరాజెపామ్ అనే ఆందోళన తగ్గించే మందు. తెల్లారేసరికి సర్దుకున్నాడు. అలా సర్దుకోని వాళ్లూ ఉన్నారు. ఇంట్లో ఎవరికైనా బైపోలార్, స్కిజోఫ్రీనియా లాంటి మానసిక జబ్బులుంటే ఆ లోపల ఉన్నదాన్ని ఇది తట్టి లేపవచ్చు. అందుకే పెద్ద పరిశోధనల్లో అలాంటి కుటుంబ చరిత్ర ఉన్నవాళ్లను చేర్చుకోరు. బైపోలార్‌కి ఇచ్చే లిథియం వాడేవాళ్లు తీసుకుంటే ఫిట్స్ వచ్చిన ఉదంతాలు చాలా ఉన్నాయి, ఇది మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు.

హన్మకొండ_అక్క
@నైట్‌డ్యూటీ_సైకియాట్రీ మా మేనమామ ఇరవై ఏళ్లుగా లిథియం మీదే ఉన్నాడు. అది తమ్ముడికీ తెలుసు. దీనికీ దానికీ సంబంధం ఉంటుందని వాడికి తట్టలేదు, నాకూ తట్టలేదు.

నైట్‌డ్యూటీ_సైకియాట్రీ
అయితే చట్టం కంటే ముందు ఈ మాట చెప్పండి. పోలీసులంటే నవ్వే వయసే కానీ మేనమామను చూసి పెరిగాడు కాబట్టి ఇది వింటాడు. బెదిరింపుగా కాకుండా మామూలుగా చెప్పండి.

టెక్సాస్_తోడల్లుడు
అమెరికాలో ఈ అక్షరాల ఆట నడవదు. 1986 నాటి అనలాగ్ చట్టం ఉంది. నిషేధ జాబితాలోని మందుతో నిర్మాణంలోనూ ప్రభావంలోనూ బాగా పోలిక ఉండి, మనుషులు తీసుకోవడానికే అయితే దాన్నీ అదే జాబితాలోదిగా చూస్తారు. అందుకే ప్యాకెట్ల మీద "మనుషుల వాడకానికి కాదు" అని ముద్ర కొడతారు. కోర్టులో ఆ ముద్ర ఎవర్నీ కాపాడదు, అది వేరే విషయం.

గోదారిగట్టు
మనుషులకు కాకపోతే మరెవరికి? స్టాంపు అంటించుకునే కవరుకా?

పాతబస్తీ_ప్లీడర్
మన దేశం సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మన మత్తుమందుల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్, కేసులు చూస్తుంటాను.

1985 చట్టం షెడ్యూల్‌లో ఎల్‌ఎస్‌డీ ఉంది. చిన్న పరిమాణం 0.002 గ్రాము, అంటే 2 మిల్లీగ్రాములు. కమర్షియల్ పరిమాణం 0.1 గ్రాము, అంటే 100 మిల్లీగ్రాములు. చిన్న పరిమాణమైతే ఏడాది దాకా జైలు లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. మధ్యలో ఉంటే పదేళ్ల దాకా. కమర్షియల్ అయితే కనీసం పదేళ్లు, గరిష్ఠం ఇరవై, జరిమానా లక్షకు తగ్గదు. బయటి దేశం నుంచి తెస్తే సెక్షన్ 23, శిక్షల మెట్లు అవే.

ఇప్పుడు అసలు దెబ్బ. మనిషి వేసుకునే మోతాదు సుమారు 100 మైక్రోగ్రాములనుకోండి. ఆ లెక్కన 100 మిల్లీగ్రాముల శుద్ధ ఎల్‌ఎస్‌డీ అంటే వెయ్యి మోతాదులు, నిజంగా వ్యాపారమే. కానీ తూకం వేసేది మందునా, కాగితంతో కలిపా? 2020లో హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల బెంచి, కలిపిన తటస్థ పదార్థం బరువు కూడా లెక్కలోకి వస్తుందని చెప్పింది. దాన్ని కాగితానికి వర్తింపజేయాలా వద్దా అని కొట్లాట నడిచింది. 2023లో బొంబాయి హైకోర్టు కాగితం బరువూ కలపాల్సిందేనంది. ఒక్కో ముక్క పది నుంచి ఇరవై మిల్లీగ్రాములు తూగుతుంది. ఒక్క ముక్కతోనే చిన్న పరిమాణం దాటిపోతారు. ముక్క బరువును బట్టి ఆరు నుంచి పదకొండు ముక్కలకే కమర్షియల్ అయిపోతారు. "ఫ్రెండ్స్‌కి కొన్ని" అంటే ఎన్నో మీ తమ్ముణ్ని అడగండి.

కమర్షియల్ అయితే సెక్షన్ 37 వస్తుంది. ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి ఆధారం ఉందని జడ్జికి అనిపిస్తే తప్ప బెయిలు రాదు. కుర్రాడు చదువుకుంటున్నాడు, మంచివాడు అనే వాదన అక్కడ పనికిరాదు.

సైకిల్‌డే_1943
ఇదే నేననేది. వెయ్యిమందికి అమ్మేవాడికీ, జేబులో ఏడు కాగితాలున్న స్టూడెంట్‌కీ ఒకే శిక్షా? కాగితం మందమైతే జైలు ఎక్కువ, పలుచనైతే తక్కువ. ఇదేం న్యాయం?

పాతబస్తీ_ప్లీడర్
@సైకిల్‌డే_1943 న్యాయమని నేననలేదు. నాకూ ఆ లెక్క నచ్చదు. గంజాయిలో కిలో దాకా చిన్న పరిమాణం, అక్కడ ఆకులో ఏ మందు ఎంతుందో ఎవరూ తూచరు. ఎల్‌ఎస్‌డీకి మాత్రం మందు లెక్కన గీత గీసి, కాగితంతో కలిపి తూస్తున్నారు. ఎగువ కోర్టులో వాదించాల్సిన మంచి పాయింటే. కానీ ఆ వాదన నడిచినన్నాళ్లూ లోపలుండేది మీరూ నేనూ కాదు.

కరీంనగర్_కుర్రోడు
మా క్లాస్‌మేట్ ఒకడు గోవాలో దొరికిండు. ఫోన్ కవరు వెనక కాగితాలు పెట్టుకున్నడు, తెలివిగా అనుకున్నడు. పోలీసోళ్లు ముందు తీసేదే ఫోన్ కవరు. ల్యాబ్ రిపోర్టు వచ్చేసరికే నెలలు పట్టినయి, క్యాంపస్ ప్లేస్‌మెంట్ పోయింది. వాళ్ల నాయన వాయిదా వాయిదాకు రైలెక్కి పోయేటోడు.

హన్మకొండ_అక్క
నిన్న రాత్రి తమ్ముడితో మాట్లాడాను. మేనమామ సంగతి చెప్తే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మళ్లీ మొదలు. "ఇండియా షెడ్యూల్‌లో ఈ అక్షరం పేరు లేదు, నేను చదివాను. అక్కడా లీగలే" అంటున్నాడు. దీనికేం చెప్పను?

పాతబస్తీ_ప్లీడర్
చదివాడు, మంచిదే. మన షెడ్యూల్ పేర్ల జాబితా. మాగ్డెబర్గ్ మామ చెప్పినట్టు కుటుంబాన్నంతా పట్టే నిర్వచనం గానీ, తోడల్లుడు చెప్పిన అనలాగ్ చట్టం గానీ మనకు లేవు. కాబట్టి కాగితం మీద అది వాదనే. కానీ మూడు సంగతులు అడ్డం వస్తాయి.

కేంద్రం సెక్షన్ 3 కింద గెజిట్‌లో ఒక నోటిఫికేషన్‌తో ఏ పేరునైనా చేర్చగలదు. కెటమిన్‌ను 2011లో, మెఫెడ్రోన్‌ను 2015లో అలాగే చేర్చారు. విమానం ఎక్కేటప్పుడు లేని పేరు దిగాక ఉండొచ్చు.

రెండోది, కవరు మీది అక్షరమే లోపల ఉందని గ్యారంటీ ఏది? పైన డాక్టర్ గారు జపాన్ సంగతి చెప్పారు. లోపల మామూలు ఎల్‌ఎస్‌డీ ఉందనుకోండి, "నాకు వేరే అని చెప్పి అమ్మారు" అంటే సెక్షన్ 35 అడ్డొస్తుంది. తెలిసే చేశాడని కోర్టు ముందుగా అనుకుంటుంది, తెలియదని రుజువు చేసుకోవాల్సింది ముద్దాయే.

మూడోది ల్యాబ్. దాని గురించి సుబ్బడు చెప్పాలి.

సెరటోనిన్_సుబ్బడు
ల్యాబ్‌లో వాడే జీసీ-ఎంఎస్ పరికరంలో నమూనాను బాగా వేడి చేసి ఆవిరి చేస్తారు. 1వ స్థానంలో గుంపు ఉన్న ఈ రకాలను మిథనాల్‌లో కరిగించి అందులో ఎక్కిస్తే ఆ వేడికే గుంపు ఊడి ఎల్‌ఎస్‌డీగా కనిపించవచ్చు. ద్రవ పద్ధతిలో చేసే ఎల్‌సీ-ఎంఎస్ అయితే తేడా పట్టుకుంటుంది. ఏ ల్యాబ్‌లో ఏ పద్ధతి వాడతారన్నదాని మీద పదేళ్ల జీవితం ఆధారపడటం నాకైతే నచ్చదు. రక్తం తీస్తే ఎలాగూ ఎల్‌ఎస్‌డీయే వస్తుంది.

సజ్జరొట్టె
సందట్లో ఒక సందేహం. ఎల్‌ఎస్‌డీ ఎర్గట్ బూజు నుంచి వచ్చిందంటారు. మా సజ్జ చేలో కంకికి తేనెబంక తెగులు వస్తే అదీ ఎర్గట్టే అన్నాడు వ్యవసాయాధికారి. అంటే మా చేలో కూడా...?

గోదారిగట్టు
రేపు సజ్జచేను చుట్టూ పోలీసు పికెట్.

సెరటోనిన్_సుబ్బడు
@సజ్జరొట్టె బూజు జాతి ఒకటే, రకం వేరు. ఎల్‌ఎస్‌డీకి మూలమైన లైసెర్జిక్ యాసిడ్ సంబంధమైనవి తయారుచేసేది యూరప్‌లో రై అనే గోధుమలాంటి ధాన్యం మీద వచ్చే రకం. సజ్జ మీద వచ్చేది క్లావిన్ అనే వేరే తరగతి ఆల్కలాయిడ్లు తయారు చేస్తుంది. తింటే వాంతులు, మగత, కళ్లు తిరగడం. మన దేశంలో అలా ఊళ్లకు ఊళ్లు జబ్బుపడ్డ సందర్భాలున్నాయి. విత్తనాన్ని ఉప్పునీళ్లలో వేసి తేలినవి తీసేయమని చెప్పేది అందుకే.

ఇంకో సంగతి. ప్రసవం తర్వాత రక్తస్రావం ఆగడానికి ఇచ్చే మెథర్జిన్ ఇంజెక్షన్ కూడా ఎర్గట్ కుటుంబమే. అదీ హాఫ్‌మన్ చేతిలో పుట్టిందే. ఆయన పేరు చెబితే సైకిలే గుర్తొస్తుంది కానీ ఆ ఇంజెక్షన్ వల్ల బతికిన తల్లులు ఎక్కువ.

టెక్సాస్_తోడల్లుడు
ఒంట్లో ఎల్‌ఎస్‌డీ అసలేం చేస్తుందో ఎవరూ చెప్పలేదు. చిటికెడు కూడా లేని మందు పది గంటలు ఎలా ఆడిస్తుంది?

సెరటోనిన్_సుబ్బడు
మెదడులో సెరటోనిన్ అనే రసాయనం అంటుకునే గ్రాహకాలు చాలా రకాలు. వాటిలో 5-హెచ్‌టీ2ఏ అనేదాన్ని ఎల్‌ఎస్‌డీ తట్టడం వల్లే ఆ దృశ్యాలన్నీ. ముందుగా కెటాన్సెరిన్ అనే మందుతో ఆ గ్రాహకాన్ని మూసేసి తర్వాత ఎల్‌ఎస్‌డీ ఇస్తే మనిషికి దాదాపు ఏమీ అనిపించదు, స్విట్జర్లాండ్‌లో చేసి చూపించారు.

పది గంటల సంగతికి 2017లో జవాబు దొరికింది. నార్త్ కరోలినాలో బ్రయాన్ రాత్ బృందం దీనికి దగ్గరి చుట్టమైన 5-హెచ్‌టీ2బీ గ్రాహకంలో ఎల్‌ఎస్‌డీ కూర్చున్న చిత్రాన్ని అణువుల స్థాయిలో తీసింది. మందు లోపల కూర్చోగానే గ్రాహకంలోని ఒక భాగం పైన మూతలా వాలుతుంది. ఆ మూత కదిలేదాకా మందు బయటికి రాదు. రక్తంలో మూడు గంటలకోసారి సగమవుతున్నా లోపల చిక్కుకున్నది పని చేస్తూనే ఉంటుంది. మధ్యలో "చాలు, ఆపేయండి" అంటే ఆగకపోవడానికి అదొక కారణం.

సైకిల్‌డే_1943
మందుగా వస్తోందని కూడా చెప్పండి. స్విట్జర్లాండ్‌లో ప్రత్యేక అనుమతితో డాక్టర్లు ఇప్పటికే ఇస్తున్నారు. అమెరికాలో ఆందోళన జబ్బుకి ఎల్‌ఎస్‌డీ మందు ఎంఎం120కి 2024లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, పరిశీలన త్వరగా సాగేలా చేసే బ్రేక్‌త్రూ హోదా ఇచ్చింది.

నైట్‌డ్యూటీ_సైకియాట్రీ
నిజమే. నాకూ ఆసక్తిగానే ఉంది. వస్తే నా పేషెంట్లకు రాస్తాను కూడా. కానీ అక్కడ మందు తూకం తెలుసు, కుటుంబ చరిత్ర అడిగారు, పక్కన మనిషి కూర్చున్నాడు. హాస్టల్ కిచెన్‌లో ఈ మూడూ లేవు.

హన్మకొండ_అక్క
కవరు పారేశానని ఫొటో పెట్టాడు. నమ్మాలో లేదో తెలియదు కానీ తేనని మాత్రం అమ్మ మీద ఒట్టేశాడు.

మాగ్డెబర్గ్_మామ
బయల్దేరే ముందు పర్సు, పుస్తకాల మధ్య, ఫోన్ కవరు వెనక ఒకసారి చూసుకోమనండి. ఈ ముక్కలు పెట్టినవాళ్లే మరిచిపోతారు.

గోదారిగట్టు
ఇప్పుడు సీరియస్‌గా అడుగుతున్నా. మా ఆవిడకి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ ఎక్కువుందని కేబర్గోలిన్ మాత్రలు రాశారు. సుబ్బడి పోస్టులు చదివి గూగుల్ చేస్తే అదీ ఎర్గట్ కుటుంబమే అని ఉంది. వచ్చే నెల దుబాయ్ వెళ్తున్నాం. పట్టుకుంటారా?

సెరటోనిన్_సుబ్బడు
కుటుంబం అదే, పని వేరు. అది డోపమిన్ గ్రాహకం మీద పని చేస్తుంది, ఎల్‌ఎస్‌డీలా బొమ్మలేమీ కనిపించవు, మత్తుమందు కాదు. అసలు ప్రిస్క్రిప్షన్, మందు పెట్టెతో సహా తీసుకెళ్లండి, మాత్రలు విడిగా డబ్బాలో పోయకండి. పార్కిన్సన్స్‌కి పెద్ద మోతాదులో ఏళ్లతరబడి వాడినవాళ్లలో గుండె కవాటాలు గట్టిపడ్డాయి, దానికి కారణం పైన చెప్పిన 5-హెచ్‌టీ2బీయే. ప్రొలాక్టిన్‌కి ఇచ్చేది చాలా తక్కువ మోతాదు. గుండె ఎకో స్కాన్ ఎప్పుడు తీయించాలో డాక్టర్ని ఒక మాట అడగండి.

గోదారిగట్టు
ఆవిడే ఈ పోస్టు చదువుతోంది. "బొమ్మలు కనిపించవు" అన్నచోట కొంచెం నిరాశపడింది.